నేను విసిరిన రాయి

మొన్న కర్నూలులో పొద్దున నడకకు వెళ్తుంటే రోడ్డు పక్క బీడులో గొర్రెల మంద కనిపించింది. మంచుకు తడిసిన బొచ్చు, పెంటికలు కలిసిన ఆ ఘాటు వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసన వస్తే నాకు సుంకమ్మక్క గుర్తొస్తుంది. ఆమె గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పత్తికొండ దగ్గరి ఒక పల్లెలో నర్సుగా ఉన్నాను. సుంకమ్మక్క అక్కడ ఆశా కార్యకర్త, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో నా రిజిస్టరు కంటే ముందు ఆమెకు తెలిసేది. టీకాల డబ్బా నన్ను మొయ్యనిచ్చేది కాదు. ఇద్దరం పొలాల మీదుగా పల్లెలు తిరిగేవాళ్లం. పంట కోసిన పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించడం మా వైపు అలవాటు. ఆ మందల కాపలా కుక్కలు కొత్త మనిషిని చూస్తే ఊరుకోవు. అందుకే సుంకమ్మక్క దూరంగానే నిలబడి, ఊరు లేచేట్టు కేకేసేది. "ఏమప్పో, మందకాడ ఎవరుండారు? కుక్కను పట్టుకోప్పా!" బదులు వచ్చేదాకా అడుగు ముందుకు వేసేది కాదు.

"పరిగెత్తొద్దు నర్సమ్మా. రాయి కోసం వంగొద్దు. దాని కండ్లల్లోకి సూడొద్దు. డబ్బా అడ్డం పెట్టుకోని మెల్లగా వెనక్కి రావల్ల. అది దాని పని చేస్తాండాది, అంతే" అనేది. నేను తలూపేదాన్ని గానీ, చదువుకున్న మనిషిని, పొలంలో నిలబడి అలా అరవడమేమిటని నాకు నామోషీగా ఉండేది.

ఒకరోజు పొద్దున సుంకమ్మక్క దారిలో ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడింది. నేను కేకేయకుండానే గొర్రెల కాపరి బీరప్ప మంద పక్కనుంచి నడిచాను. లోపల ఈనిన గొర్రెలున్నాయి. కుక్క మొరుగుతూ ఎదురొచ్చి నాలుగు గజాల దూరంలో ఆగింది. నిజంగానే ఆగింది. అప్పుడు వంగి రాయి తీసి విసిరాను. మూతికి తగిలింది. అది మీదికి దూకేసరికి వెనక్కి తిరిగి పరుగు తీశాను. సుంకమ్మక్క పరుగెత్తుకొచ్చి డబ్బా అడ్డం పెట్టి మధ్యలో నిలబడింది. కుక్క ఆమె పిక్క పట్టుకుంది. నేను రోడ్డు చేరేదాకా ఆగలేదు.

బోరు దగ్గర సబ్బుతో ఆమె గాయం కడుగుతుంటే జనం చేరారు. బీరప్ప కుక్కను తాడుతో పట్టుకుని వచ్చాడు. "మా కుక్క ఊరికే ఎవరి మీదికీ పోదమ్మా. ఏమైందో నువ్వే చెప్పు" అని అడిగాడు. "ఊరికే వచ్చి మీద పడింది" అన్నాను. "అయితే పిచ్చి పట్టిండాది" అన్నారెవరో. కట్టెలు లేచాయి. "కొట్టొద్దప్పా! దానికి పిచ్చి ల్యాదు, ఏం ల్యాదు!" అని సుంకమ్మక్క అరిచింది. అందరూ నా వైపు చూశారు. కరిచిన కుక్కను చంపకూడదు, పది రోజులు కట్టేసి గమనించాలి అని ఇంటింటికీ చెప్పేది నేనే. ఆ రోజు నా నోరు పెగల్లేదు. బీరప్ప చేతిలో తాడు ఉండగానే దాన్ని కొట్టి చంపారు.

ఆసుపత్రికి వెళ్లే ఆటోలో సుంకమ్మక్క కరిచిన కాలు చాపుకుని కూర్చుంది. తర్వాత, "రాయి ఇసిరింది నేను సూసినా" అంది. "భయంలో ఎవరైనా ఇసురుతారు. ఆయప్ప అడిగినప్పుడన్నా చెప్పాల్సింది."

"ఎవరికీ చెప్పొద్దక్కా" అని ఏడ్చాను.

"నేను చెప్పన్లే. ఎప్పుడన్నా నువ్వే చెప్పు."

ఇంజెక్షన్లన్నీ వేయించుకుని, ఆ నెలలోనే కుంటుతూ మళ్లీ నా వెంట నడిచింది. బీరప్ప మంద కనపడగానే ఎప్పటిలాగే నిలబడి కేకేసింది. అతను లేచి, "కుక్క ల్యాదులేమ్మా, రాండి" అన్నాడు. నేను తలెత్తలేకపోయాను.

సుంకమ్మక్క పోయి రెండేళ్లయింది. ఆ రోజు బీరప్ప కూడా వచ్చాడు. పక్కపక్కనే చాలాసేపు కూర్చున్నాం. నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తాగాను.

ఇప్పుడు కొత్తగా చేరిన నర్సులకు శిక్షణ ఇచ్చేది నేనే. మందను చూస్తే ఆగండి, కేకేయండి, రాయి ఎత్తకండి అని సుంకమ్మక్క మాటలే చెబుతాను. "మిమ్మల్నెప్పుడైనా కరిచిందా మేడం?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు.

లేదంటాను. అది నిజమే కాబట్టి అక్కడితో ఆగిపోతాను.