ప్రాక్సీలో అవ్వ

మా ప్రిన్సిపాల్‌కు ఇంటర్నెట్ అంటే మొదటి నుంచీ అనుమానమే. ఆత్మకూరులో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. ఒక నెల మొదట్లో ఆయన వరండాలో పోతూ కిటికీలోంచి తొంగి చూస్తే, వరసగా కూర్చున్న పిల్లలందరి కంప్యూటర్లలోనూ క్రికెట్ నడుస్తోంది. నన్ను పిలిపించాడు. నెలాఖరు దాకా గడువిస్తున్నాననీ, ఈలోగా పనికిమాలిన సైట్లు ఆగకపోతే కనెక్షన్ పీకించేస్తాననీ చెప్పాడు. పీకించేస్తే ఆయనకు పోయేదేమీ లేదు. నష్టపోయేది హాస్టల్ ఆడపిల్లలు.

హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు. సాయంత్రం క్లాసులయ్యాక ల్యాబులో కూర్చునే కాసేపే వాళ్ళకు నెట్. వాళ్ళలో దుత్తలూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. ఆఖరి సంవత్సరం. కోచింగ్ ఊసే లేకుండా, నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాలు వింటూ ఎమ్మెస్సీ ఎంట్రన్సుకు తయారవుతోంది. నేను తాళం తీసేసరికే గుమ్మం దగ్గర నిలబడి ఉండేది. ప్రిన్సిపాల్ బెదిరింపు గురించీ, ఆ సైట్లను ఆపేదేదో పెట్టాలనీ చెబితే ఏడవలేదు, బతిమాలలేదు. "అయితే ఆ పెట్టేదేందో బిరాన పెట్టండి మేడం, నాకింకా సగం సిలబస్ ఉండాది" అంది. నాకు ఆ పిల్ల అంటే అందుకే ఇష్టం.

సరే, ప్రాక్సీ సర్వర్ పెట్టడం మొదలుపెట్టాను. స్టోర్ రూములో పడి ఉన్న పాత కంప్యూటర్‌ను తెచ్చి, దుమ్ము దులిపి, లైనక్స్ ఎక్కించి, ల్యాబులో ఎవరు ఏ సైటు అడిగినా దాని గుండానే పోయేట్టు చేశాను. చదువుకు పనికొచ్చేవి అది వదులుతుంది. క్రికెట్, సినిమాలు, ఆటలు అయితే ఆపేసి, ఆపానని ఒక పేజీ చూపిస్తుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం నా నోటికి తాళం పడలేదు, ఎవరిని తిట్టానో నాకే గుర్తులేదు. మొదట అన్నీ ఆగిపోయాయి, మా కాలేజీ సైటుతో సహా. తర్వాత ఏదీ ఆగలేదు. ఇంకోసారి మొత్తం తీసి మొదటి నుంచీ కట్టాక, క్రికెట్ ఆగింది, పాఠాలు వచ్చాయి. ఖాళీ ల్యాబులో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. సిగ్గేం లేదు.

మర్నాటి నుంచి కొత్త తలనొప్పి. ఆపినప్పుడు వచ్చే ఆ పేజీ ఇంగ్లీషులో ఉండేది. దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. నెట్ పోయిందంటూ ఒకరి వెనక ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి తెలుగులో పెట్టాను: "ఈ వెబ్‌సైటును వీక్షించుటకు అనుమతి లేదు." అది ఆఫీసు గోడకు తగిలించిన బోర్డులా ఉంది. దాన్నీ ఎవరూ చదవలేదు.

ఆ శనివారం ఉదయగిరిలో మా ఇంటికి వెళ్ళాను. మా అవ్వ అరుగు మీద కూర్చుని చెక్క గరిటెలకు గరుకు కాగితం పట్టి నునుపు చేస్తోంది. చేతులు గరిటె మీద, కళ్ళు వీధి మీద, నోరు అందరి మీదా. నేను అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని, ఆ పేజీని ఏం చేద్దామా అని ఫోన్లో చూసుకుంటున్నాను.

"ఏందమ్మే, మొకం ఆ సెల్లులోనే పెట్టినావు. అన్నం లేచొచ్చి నీ నోట్లో పడతాదా?" అంది అవ్వ.

నాకు నవ్వాగలేదు. మా అవ్వ తిడితే వీధిలో ఎవరికీ కోపం రాదు. ఆమె తిట్టని రోజున, ఒంట్లో బాగాలేదా అని వాళ్ళే వచ్చి పలకరించి పోతారు. సోమవారం కాలేజీకి రాగానే ఆ మాటను ఉన్నదున్నట్టు పేజీలోకి ఎక్కించాను. అంతటితో ఊరుకునే రకం కాదు నేను. ఆ తర్వాత ప్రతి శనివారం అవ్వ పక్కన చేరి, చదువు మానేసి క్రికెట్ చూసేవాణ్ణి ఏమంటావు, సినిమా చూసేదాన్ని ఏమంటావు అని అడిగేదాన్ని. ఆమెకు అడగడమే ఆలస్యం. క్రికెట్ వాడికి, "వాడు కొడితే వాడికి పేరొస్తాది. నువ్వు చూస్తే నీకేమొస్తాది నాయనా? పొయ్యి పుస్తకం తియ్యి." ఆటలు ఆడేవాడికి, "ఆడుకునేదానికి బయట అంత నేల ఉండాది. ఈ పెట్టెతో ఏం ఆటరా?" ఎవరు ఏది తెరవబోతే ఆ తిట్టు వచ్చేట్టు పెట్టాను. తన మాటలు ఆత్మకూరులో కంప్యూటర్ల మీద కనిపిస్తున్నాయంటే అవ్వ నమ్మలేదు. నాకు పనేమీ లేదనుకుంది.

ల్యాబులో నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. పేజీని చదువుతున్నారు, బుద్ధిగా వెనక్కి పోతున్నారు అని నేను మురిసిపోయాను.

నెలాఖరుకు ప్రిన్సిపాల్ లెక్క అడిగాడు. ఆపిన ప్రతి సైటునూ ప్రాక్సీ నమోదు చేసుకుంటుంది. ఆ కాగితాలు ప్రింటు తీసి, నమ్మలేక మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాను. తగ్గాల్సినవి వారం వారం పెరిగిపోయాయి. ఒక్కటి కూడా తెరుచుకోలేదు సార్ అన్నాను. తెరుచుకోకపోతేనేం, ఇంతమంది ఇన్నిసార్లు ప్రయత్నించారంటే పిల్లల బుద్ధి ఎటు పోతున్నట్టు అన్నాడాయన. కనెక్షన్ తీయించేస్తానన్నాడు.

ల్యాబుకు వచ్చి కుర్చీలో కూలబడ్డాను. దుత్తలూరు పిల్ల ఏమైందని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల తల వంచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను గానీ, నవ్వు ఆపుకుంటోంది.

"అవి క్రికెట్ కోసరం కాదు మేడం. అవ్వ ఏమంటాదో చూసేదానికి. నేను కూడా రోజూ పాఠం అయినాక ఒకసారి తిట్టించుకోని పోతాను. ఇంట్లో ఉన్నట్టు ఉంటాది."

కొత్త తిట్టు కనిపించిన రోజు హాస్టల్లో అన్నాల దగ్గర అదే కబురట. నేను తేరుకునేలోపు ఆ పిల్ల ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది. ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మీరే క్రికెట్ సైటు ఒకటి కొట్టండి సార్ అంది. ఆయన అయిష్టంగా కొట్టాడు. వచ్చింది చదివాడు. ఆటల సైటు కొట్టాడు. తర్వాత సినిమా సైటు కొట్టాడు. భుజాలు కదులుతున్నాయి.

ఈమె ఎవరని నన్ను అడిగాడు. మా అవ్వ సార్ అన్నాను.

"మా అమ్మ కూడా అచ్చం ఇట్టనే తిట్టేదమ్మా" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నెట్ ఉండనీ" అని లేచాడు.

పోతూ పోతూ తన గదిలో కంప్యూటర్‌కూ ఆ ప్రాక్సీ పెట్టమన్నాడు. ప్రిన్సిపాల్ ఆదర్శంగా ఉండాలట. మర్నాడు నమోదు తెరిచి చూస్తే, ఆపిన వాటిలో సగం ఆయన గదివే. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ పిల్లకు సీటొచ్చింది, పెద్ద యూనివర్సిటీలో. చేరిన కొత్తలో ఒక శనివారం నాకు ఫోన్ చేసింది. నేను ఉదయగిరిలో అరుగు మీద ఉన్నాను. హాస్టల్ బాగుందా, లైబ్రరీ బాగుందా అని నేను అడిగినవాటికన్నిటికీ బాగుందనే చెప్పింది. నెట్ ఎలా ఉందని అడిగాను.

"ఈడ ఏది కొట్టినా వస్తాది మేడం. తిట్టేవాళ్ళే లేరు" అంది.

ఫోన్ తీసుకెళ్ళి అవ్వ చెవికి ఆనించాను. అవతల ఎవరని అవ్వ అడగలేదు.

"ఏందమ్మే, పొద్దస్తమానం సెల్లు పట్టుకోని కూర్చుంటే చదివేదెప్పుడు?" అంది.

అవతల ఆ పిల్ల నవ్వడం ఫోన్ పట్టుకుని పక్కన నిలబడ్డ నాకు కూడా వినపడింది. అవ్వ ఫోన్ కొంచెం పక్కకు జరిపి, "ఎవురే ఈ పిల్ల, తిడితే నవ్వతా ఉండాది?" అని నన్నడిగింది. నా జవాబు కోసం ఆగలేదు. గరిటె ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ తన చేతిలోకి తీసుకుని, "అన్నం తిన్నావా?" అంది.