రెండో జడ

పరాయి దేశపు అనాథాశ్రమంలో జీతం లేకుండా పనిచేయడానికి వచ్చిన ఆ రిటైర్డు నర్సుని పిల్లలంతా పిన్నీ అంటారు. రోజూ పొద్దున్నే మెట్టు మీద కూర్చుని, పళ్ళూడిన దువ్వెనతో పద్దెనిమిది తలలకీ చిక్కు తీస్తుంది. అందరికీ ఒక్కో జడ. బుడ్డిదానికి మాత్రం రెండు. "మా అమ్మ చచ్చిపోయింది పిన్నీ" అని అది మొదటిరోజే చెప్పింది మరి.

నిన్న బుడ్డిది పరుగెత్తుతూ పడి మోకాలు చీరుకుంది. పిన్ని చేతులు చాచింది. పిల్ల ఆ చేతుల పక్కనుంచే దూసుకెళ్ళి, "అమ్మా!" అంటూ వంటావిడ ఒళ్ళో పడింది. వంటావిడ పిల్లని పొదువుకుని, పిన్ని వైపు తిరిగింది.

"తల్లి ఉందంటే పిల్లకిక్కడ చోటివ్వరు పిన్నిగారూ. మేనేజరుగారే అలా చెప్పమన్నారు. అందరికీ తెలుసు, మీకే..."

పిల్లలందరూ తలలు దించుకున్నారు.

ఇవాళ పొద్దున బుడ్డిది ఎప్పటిలాగే వచ్చి, రెండు రిబ్బన్లు అందించి కూర్చుంది. పిన్ని ఒకటి తిరిగి దాని చేతిలో పెట్టింది.