కథ దాటేసిన నూరో ట్రోఫీ

ఇన్షిరాహ్‌కి చదవడం రాక కాదు. పొద్దున్నే పేపరు చదువుతుంది. మందు సీసా వెనకాల చీమ తలకాయంత అక్షరాలూ చదువుతుంది. పక్కింటావిడకి కోర్టు కాగితాలొస్తే అర్థం చెప్పేది కూడా ఆమే. కానీ గేములో అక్షరాలు కనిపించాయంటే ఆమె బొటనవేలు ఆగదు. ఎవరైనా నోరు తెరిచేలోపు వాళ్ల మాట తెర మీంచి మాయమైపోతుంది. చచ్చిపోతున్న రాజు కొడుక్కి చెప్పే ఆఖరి మాటైనా సరే, ఆమె చేతిలో పడితే అరక్షణం బతకదు.

ఆ వేలికి ఈ అలవాటు అలెగ్జాండ్రియాలోని ముహర్రమ్ బే పేటలో, ఆమె అన్న షౌకీ నడిపిన గేముల దుకాణంలో అబ్బింది. మెట్ల కింద గది, కొన్ని టీవీలు, స్ప్రింగులు పైకొచ్చిన ఓ సోఫా. ఆటకి గంట లెక్కన అద్దె. గంట మొదలయ్యాక తెర మీద ఎవడు కబుర్లు చెప్పినా అది మన జేబులోంచి చెబుతున్నట్టే. పైగా ఆ రోజుల్లో గేములు జపాన్ భాషలోనో ఇంగ్లీషులోనో మాట్లాడేవి. అరబ్బీలో మాట్లాడాలని వాటికెప్పుడూ తోచలేదు. అందుకే అక్షరాల పెట్టె తెరుచుకోగానే సోఫా మీదివాళ్లూ, వెనక నిలబడ్డవాళ్లూ ఒక్క గొంతుతో అరిచేవాళ్లు: "దాటెయ్! దాటెయ్!" కథేమిటని ఎవరైనా అడిగితే షౌకీ అప్పటికప్పుడు కల్పించి చెప్పేవాడు. అతని కథల్లో ప్రతి రాక్షసుడూ హీరోకి మేనమామే.

అన్నకి మధ్యాహ్నం భోజనం తెచ్చే నెపంతో ఆ గదిలోకి వచ్చిన ఇన్షిరాహ్ మళ్లీ బయటికి పోలేదు. "ఆడపిల్లకి ఇక్కడేం పని?" అన్నవాళ్లని వరసపెట్టి ఓడించి, నోరు మూయించి, సోఫాలో చోటు సంపాదించుకుంది. తర్వాత దుకాణం మూతపడింది. షౌకీ లారీలు తోలడానికి పోయాడు. ఆమె పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనికి కుదిరింది. మైనంతో పన్ను మలిచే పని, చెయ్యి వణికితే అంతే సంగతులు. పెళ్లయింది, విడాకులూ అయ్యాయి. కూతుర్ని మన్సూరా పంపించి నర్సింగు చదివిస్తోంది. ఇప్పుడు నలభై దాటాయి. ఇల్లు కడిగి, వంట చేసి, బట్టలారేసి, ఆ తర్వాత కంట్రోలర్ చేతికి తీసుకుంటుంది. దాన్ని చూసి ముక్కు విరిచే చుట్టాలకి ఆమె జవాబు ఒకటే: "మీరు సీరియళ్లు చూస్తారు, నేను ఆడతాను. కనీసం నా హీరో నేను చెప్పినట్టు వింటాడు."

ఊళ్లో ఆమెలాంటివాళ్ల జట్టు ఒకటుంది. గేము పెట్టిన పనులన్నీ పూర్తి చేస్తే అది పెద్ద ట్రోఫీ ఒకటి ఇస్తుంది. వాటిని వేటాడేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నాలు ఇబ్రాహీమియాలోని కాఫీ దుకాణంలో చేరతారు. ఎవరికైనా నూరో పెద్ద ట్రోఫీ పడితే జట్టు దానికి పెళ్లి చేస్తుంది. నిజంగానే పెళ్లి: డప్పు, మామిడిరసం, పళ్లెం నిండా బస్బూసా అనే రవ్వ మిఠాయి. వేటగాడిని పెళ్లికొడుకులా కుర్చీలో కూచోబెట్టి వీధిలో ఊరేగిస్తారు. అంతవరకూ జట్టులో ఏ ఆడమనిషికీ ఆ పెళ్లి జరగలేదు. ఇన్షిరాహ్‌కి ఆ కుర్చీ కావాలి. మనసులో దాచుకోకుండా అందరికీ చెప్పి మరీ కోరుకుంది.

నూరోది పడింది. గొడవ కూడా దానితోనే వచ్చి పడింది.

ఆ గేము మొదటి నుంచి చివరిదాకా కథే. పరుగులు లేవు, కత్తులు లేవు. ఓ జాలరి కుటుంబం సంగతులు చక్కని అరబ్బీలో పేజీలు పేజీలుగా వస్తుంటాయి, మనం చదవాలి. చివరి పేజీకి చేరితే ట్రోఫీ. ఇన్షిరాహ్ కంట్రోలర్ కింద పెట్టి, దాటేసే బటన్ మీద ఉప్పు డబ్బా పెట్టింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి కనక ములుఖియా ఆకుకూర ఒలవడానికి కూచుంది. ఆకు ఇంకా మిగిలుండగానే ట్రోఫీ మోగింది.

జట్టు లెక్కలు చూసే బిషోయ్ అనే కుర్ర ఇంజనీరు పెళ్లి ప్రకటించేశాడు. ఆ శుక్రవారం రవూఫ్ మాస్టారు కాఫీ ముట్టుకోకుండా కూచున్నాడు. సర్కారు బడిలో అరబ్బీ చెప్పే మనిషి. తన భాషలో ఇంత మంచి గేము రావాలని ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడు. ఆ జాలరి కథ చదివి ఏడ్చానని తనే చెప్పుకున్నాడు.

"అబ్లా ఇన్షిరాహ్, ఒక్క ప్రశ్న," అన్నాడాయన. "ఆ తల్లి పేరేమిటి?"

"ఏ తల్లి, ఉస్తాజ్?" అంది ఇన్షిరాహ్. జట్టులో ఆమెని అబ్లా అంటారు, అంటే అక్క; ఆయన్ని ఉస్తాజ్ అంటారు, అంటే మాస్టారు.

"గేమంతా ఆవిడదే కదమ్మా!"

"అలాగా? అందులో తల్లి కూడా ఉందా?"

పక్క బల్లల వాళ్లు కూడా నవ్వారు. రవూఫ్ మాత్రం నవ్వలేదు.

"ఆకుకూర ఒలుస్తూ గెలిచావటగా."

"అవును. కూర కూడా బ్రహ్మాండంగా కుదిరింది. మీకు గిన్నె పంపలేదని కోపమా?"

"పరాచికాలొద్దు. చదవకుండా తెచ్చుకున్న ట్రోఫీ దొంగసొత్తు. దానికి పెళ్లేమిటి?"

"ఉస్తాజ్, ఆ బటన్ పెట్టింది గేమువాళ్లే కదా," అన్నాడు బిషోయ్. "ఆవిడేం గోడకి కన్నం వెయ్యలేదు."

"అయితే రేపట్నుంచి లిఫ్టులో పైకెళ్లి, మెట్లన్నీ ఎక్కానని చెప్పుకోవచ్చన్నమాట."

"మెట్లెక్కానని నేనెప్పుడన్నాను?" అంది ఇన్షిరాహ్. "పైకొచ్చానన్నాను. వచ్చాను. అది సరే, మొన్న మీకు పడిందే కత్తుల గేము, ఏ స్థాయిలో ఆడారు?"

రవూఫ్ కప్పులో చెంచా తిప్పాడు. "సులువు స్థాయిలో. నాకు కావలసింది కథ."

"అంటే మీరు కళ్లజోడు సర్దుకునేసరికి శత్రువులు వాళ్లంతట వాళ్లే పడిపోతారు. మీరు యుద్ధం దాటేశారు, నేను మాటలు దాటేశాను. నాది దొంగసొత్తయితే మీది దానమా?"

బల్ల చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. కారు రేసులో బ్రేకులు గేముకే అప్పగించినవాడొకడు, తమ్ముడి చేత కష్టమైన చోటు ఆడించుకున్నవాడొకడు, ఒక్కొక్కరూ తమ గుట్టు తామే కక్కడం మొదలెట్టారు. కాస్త ఆగితే జట్టులో ఒక్క ట్రోఫీ మిగిలేలా లేదు. చదవడం అనే మాట వినగానే మనవాళ్ల మొహాలకి మసీదు మెట్ల మీద ఉన్నంత భక్తి వచ్చేస్తుంది. చేతిపని దాటేస్తే తెలివి, చదువు దాటేస్తే పాపం. ఆ లెక్క ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఎవరూ అడగరు. రాసింది చదువుకున్నవాళ్లే కాబట్టి అలా ఉంది, ఇంతకంటే రహస్యమేం లేదు.

చివరికి ఓటు పెట్టి చేతులెత్తించారు. రవూఫ్ ఒక్కడూ అటు, మిగతావాళ్లంతా ఇటు. పెళ్లి ఖాయమైంది.

ఇంటికొచ్చేదాకా ఇన్షిరాహ్ గెలిచిన హుషారులోనే ఉంది. మర్నాడు ల్యాబులో మైనం కరిగిస్తుంటే హుషారు కూడా కరిగిపోయింది. ఆ తల్లి పేరు తెలియనందుకు ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు. గుచ్చుకుంటున్నది వేరే. షౌకీ దుకాణంలో మాటలు దాటేసేది యుద్ధం దగ్గరికి తొందరగా పోవడానికి, గోలు కొట్టడానికి. దాటేశాక అక్కడ చెయ్యాల్సిన పని ఉండేది. ఇక్కడ దాటేసి తను చేరిందెక్కడికి? ఎక్కడికీ కాదు. ఆ మధ్యాహ్నం తను పడ్డ కష్టమంతా ఆకు ఒలవడంలోనే ఉంది. ఇంకా చెప్పాలంటే గేము ఆడింది ఉప్పు డబ్బా. కుర్చీలో దాన్ని కూచోబెట్టి ఊరేగించాలి.

వెంటనే బిషోయ్‌కి ఫోను చేసింది.

"పెళ్లి ఆపెయ్."

"అదేంటి అబ్లా! ఉస్తాజ్‌కి భయపడ్డావా?"

"నేనా? నా లెక్కలోంచి ఆ ట్రోఫీ తీశావో, నీ పళ్లు తీసి మళ్లీ నేనే కట్టాల్సొస్తుంది. అది నాదే. కానీ పెళ్లి దానికొద్దు, తర్వాతి దానికి చెయ్యి. గుడ్డి రాక్షసుడి గేము ఆడతాను. కఠిన స్థాయిలో."

ఆ రాక్షసుడి దగ్గరే ఆమె అంతకు ముందు ఓ ఏడాది తన్నులు తిని, డిస్కు బీరువా మీదికి విసిరేసింది. కఠిన స్థాయిలో జట్టులో ఇంకెవరూ అక్కడిదాకా కూడా వెళ్లలేదు.

కబురు విని రవూఫ్ స్వయంగా ఫోను చేశాడు. "నేనన్నది నిజమని ఒప్పుకున్నావన్నమాట, సంతోషం."

"తొందరపడకండి ఉస్తాజ్. మీరు చదవలేదని తప్పుపట్టారు. నేనిప్పటికీ చదవను. ఏమీ చెయ్యకుండా వచ్చిందని నాకు నచ్చలేదు. ఆ రెండూ ఒకటి కాదు."

ఆపైన ఆమె బతుకు రాక్షసుడి చుట్టూ తిరిగింది. వాడికి కళ్లు కనిపించవు, అడుగుల చప్పుడు విని కొడతాడు. పరిగెడితే చావు, నిలబడితే చావు. వాడి ఊపిరి సద్దులో మన అడుగు కలిసిపోయేలా నడవాలి. ఇన్షిరాహ్ చచ్చింది, మళ్లీ చచ్చింది. బొటనవేలికి ప్లాస్టరు చుట్టుకుంది. మన్సూరా నుంచి కూతురు ఫోను చేస్తే "ఇప్పుడు కాదు, వాడు ఊపిరి పీలుస్తున్నాడు" అని పెట్టేసింది. "ఎవరమ్మా వాడు?" అని ఆ పిల్ల కంగారుపడి మేనమామ షౌకీకి ఫోను చేసింది. విసుగొచ్చిన రోజున కష్టం కాస్త తగ్గించుకోమని గేమే బతిమాలింది. ఆ మాటలు కూడా చదవకుండానే దాటేసింది.

ఓ శుక్రవారం బిషోయ్, రవూఫ్ చూడటానికి ఇంటికే వచ్చారు. సోఫా అంచున కూచుని ఊపిరి బిగబట్టారు. ఆమె అడుగులో అడుగేస్తూ రాక్షసుడి వెనక్కి చేరింది, కాలి నరం తెంపింది. వాడు తూలాడు, మళ్లీ లేచాడు. రెండో కాలు కూడా తెంపింది. కొండ కూలినట్టు వాడు కూలిపోయాడు. పడిపోయి, ఆ పెద్ద నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. అక్షరాల పెట్టె తెరుచుకుంది. అంతలోనే మూసుకుపోయింది.

ట్రోఫీ మోగింది. బిషోయ్ కేక పెట్టి మిఠాయి దుకాణానికి ఫోను కలిపాడు. ఇన్షిరాహ్ వేళ్లు విరుచుకుంది.

"అయ్యో, వాడి ఆఖరి మాట అబ్లా!" అన్నాడు రవూఫ్, రెండు చేతులూ తెర వైపు చాపి. "ఒక్క క్షణం ఆగితే మళ్లీ చదివేవాడిని కదా!"

"మీరు సులువు స్థాయిలో ఎప్పుడో చదివేశారుగా. ఇప్పుడు చెప్పండి. ఏమన్నాడు వాడు?"

రవూఫ్ కళ్లజోడు సర్దుకుని, బడిలో పాఠం మొదలెట్టే గొంతు పెట్టాడు. "వెయ్యేళ్ల కిందట ఒక గనిలో..."

"వెయ్యేళ్ల నుంచా?" అంది ఇన్షిరాహ్, బొటనవేలి ప్లాస్టరు ఊడదీసుకుంటూ. "సరే కానివ్వండి. బస్బూసా వచ్చేలోపు ముగించాలి మరి."