వేలిముద్ర అడిగిన కాగితం

నేను విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తుంటే పక్కింటి మస్తానమ్మ పరుగున వచ్చి చెప్పింది. అనంతపురం జిల్లాలోని మా పల్లెకు నీళ్ల ట్యాంకరు రాలేదని నిలదీసినందుకు, మా ఆయనను ఎస్సై కొట్టి జీపులోకి ఈడ్చాడట. మూడోనాడు ఆయన కుంటుతూ ఇల్లు చేరాడు. ఎస్సై మీద కోర్టులో ఫిర్యాదు చేశాం.

వారానికి ఒక కానిస్టేబుల్ కాగితం, స్టాంపు ప్యాడు పట్టుకొని నవ్వుతూ వచ్చాడు.

"సర్కారు అనుమతి లేనిదే మా సారు మీద కేసు నడవదక్కా. ఊరికే తిరగడమెందుకు? ఈడ వేలిముద్ర ఎయ్."

నేను బడికి పోలేదని ఎవరో చెప్పి ఉంటారు. నాయన ఇంట్లోనే చదువు నేర్పాడని చెప్పలేదేమో. ఆ నవ్వు మీద అనుమానంతో కాగితం చదివాను. నా భర్త 'ఇష్టపూర్వకంగా' స్టేషన్‌లో ఉన్నాడని రాసి ఉంది.

"ఇష్టంతో వచ్చేటోన్ని ఈడ్చినారేమప్పా?" అంటూ వేలిముద్ర వేయకుండానే కాగితం తిరిగిచ్చాను. అతని నవ్వు ఆగిపోయింది.

దేవుడి దయ, నాయన పుణ్యం. సర్కారు అనుమతి మాత్రం ఇంకా రాలేదు. సాక్ష్యం చెప్తానన్నది మస్తానమ్మ ఒక్కతే. ఇప్పుడు జీపు ఆమె ఇంటి ముందు ఆగుతోంది. మీరు దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆమెను తలుచుకోండి.