చేతులు కనబడాలి

స్టూడియోలో దీపాలు వెలగగానే ఆమె చేతి గడియారం తీస్తుంది. తర్వాత ఉంగరం. రెండూ కెమెరామన్ చొక్కా జేబులో వేస్తుంది. చేతి మీద మెరిసేదేదీ ఉండకూడదు. ఉంటే చూసేవాళ్ల కళ్లు మాటను వదిలి మెరుపు మీదికి పోతాయి.

"ఏదో ఒక రోజు ఈ ఉంగరంతో ఉడాయిస్తానక్కా," అంటాడతను.

"గడియారం కూడా పట్టుకుపో. ఎలాగూ నడవదు."

చెవులు వినబడని వాళ్లకు ఆమె చేతులతో వార్తలు చెబుతుంది. మొదట్లో ప్రభుత్వ చానల్‌లో, వారానికోసారి, పావుగంట. మిగతా చానళ్లకు ఆ జనం ఎన్నడూ గుర్తు రాలేదు. ఆఫీసులో ఆమె పేరు చేతులక్క. ఆ భాష ఆమె బడిలో నేర్చుకోలేదు. తమ్ముడికి పుట్టుకతోనే వినబడదు. వాడితో పోట్లాడటానికి నేర్చుకుంది. వాడిప్పుడు టైలరు. పోట్లాటలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇవాళ అన్ని వార్తల్లోనూ తెరలో మూడో వంతు ఆమెది. అది ఎవరో తీసుకొచ్చి ఒళ్లో పెట్టింది కాదు.

పాత ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కు మారుతున్న రోజులవి. మేడల మీంచి యాంటెనాలు దిగుతున్నాయి. టీవీల పక్కన చిన్న పెట్టెలు చేరుతున్నాయి. వార్తల ఎడిటరు ఆమెను పిలిచి మంచి కబురన్నాడు. నెలాఖరుతో పావుగంట కార్యక్రమం ఆగిపోతుంది. ఇకమీదట రోజూ, అన్ని వార్తల్లోనూ, తెర మూలన చిన్న గడిలో ఆమె ఉంటుంది.

ఆమె పొంగిపోయింది. ప్రయోగ ప్రసారం మొదలైన రోజు, తన వార్తలు మళ్లీ వేసే వేళకు తమ్ముడి దుకాణంలో కూర్చుంది. కొత్త పెట్టె బిగించి ఉంది. మూలన తను కనబడింది, భుజాల దాకా. కింద పరిగెత్తే అక్షరాల పట్టీ. స్టూడియోలో చూసినప్పుడు అది లేదు. తర్వాత ఎక్కడో అతికించారు. చేతులు దాని వెనక్కి పోయాయి.

తమ్ముడు సూది పక్కన పెట్టి చేతులతో అడిగాడు. "తలకాయ ఒక్కటే డ్యూటీకొచ్చిందా? చేతులు సెలవు పెట్టాయా?"

మర్నాడు ఆమె పట్టీకి అందకుండా చేతులు గడ్డం దాకా ఎత్తి చెప్పింది. సాయంత్రం తమ్ముడు మొహం చిట్లించాడు. "ఎవరి మీద అరుస్తున్నావు? వంతెన కట్టారని చెప్పడానికి అంత కోపమా?"

ఆ భాషలో చేతులెత్తి విసురుగా చెబితే కేకలెయ్యడమే. ఆమె నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

"పట్టీ నా చేతిలో లేదమ్మా," అన్నాడు ఎడిటరు. "పైనుంచి వచ్చింది. ఫిర్యాదులొస్తే చూద్దామన్నారు. ఒక్కటీ రాలేదు."

"ఎలా వస్తాయి సార్? మీరిచ్చింది ఫోన్ నంబరు."

ఎడిటరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "నిజమే. కానీ నేను చెబితే వింటారా? పైవాళ్లకి మనుషులు కనబడాలి."

ఆఖరి పావుగంట వచ్చింది. గడియారం, ఉంగరం జేబులోకి వెళ్లాయి. ఆమె తెర నిండా నిలబడింది, నడుము నుంచి తల దాకా. రాసిచ్చిన దానికి ఒక్క మాట కలిపినా ఉద్యోగం ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. చివర్లో పక్క గదిలోంచి వాతావరణం చదువుతున్నారు. ఆమె వాతావరణం చెప్పలేదు.

"ఇకమీదట నేను మూలన ఉంటాను," అంది చేతులతో, నిదానంగా. "నా చేతులు మీకు కనబడవు. కనబడాలనుకుంటే రేపు పొద్దున మా ఆఫీసు గేటు దగ్గరికి రండి. నేనూ ఉంటాను."

స్టూడియోలో ఎవరికీ అర్థం కాలేదు. కెమెరామన్ ఉంగరం తిరిగిచ్చాడు.

"వాన గురించి చాలాసేపు చెప్పావక్కా ఇవాళ."

"పెద్ద వానే," అందామె.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి గేటు ముందు రోడ్డు నిండి ఉంది. ముందు వరసలో తమ్ముడు, మెళ్లో టేపు తియ్యడం కూడా మరిచి వచ్చాడు. వాడి వెనక చొక్కా చేతులకు పిండి అంటిన రొట్టెల బట్టీ మనిషి, బడి సంచులతో అక్కాచెల్లెళ్లు, కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ, ఇంకా చాలామంది. నినాదాలు లేవు. చప్పుడే లేదు. గాలిలో చేతులు మాత్రం ఆడుతున్నాయి. వాచ్‌మన్ ఎవరిని కసరాలో తెలియక ఎడిటరును పిలుచుకొచ్చాడు.

ఎడిటరు వాళ్లను చూశాడు. ఆమెను చూశాడు.

"నిన్నటి వాతావరణం," అన్నాడు మెల్లగా. "సరే. ఏమంటున్నారమ్మా వీళ్లు?"

ఆమె గడియారం తీసింది. తర్వాత ఉంగరం. రెండూ ఎడిటరు చొక్కా జేబులో వేసింది. అందరికీ కనబడేలా గేటు పక్కనున్న అరుగెక్కి, ముందుగా ఎవరు చెబుతారని వాళ్లను అడిగింది.