ఢిల్లేశు చెవి బిరడాలు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో ఇరుక్కుని ఉంది. దాని మీద నుంచే జోకులేస్తూ బతికాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఢిల్లేశుకి చెవులు వినబడకపోవడానికి కారణం నేను.

ఏడో తరగతిలో బడి మానేసి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో చేరాను. ఢిల్లేశు పక్కన కూర్చుని కొట్టేవాడు. చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. నేను నోరు తెరవకముందే నవ్వేసేవాడు.

అతని కుడి చెవి చిన్నప్పుడే చీము పట్టి పోయింది. వినబడే ఎడమ చెవికీ లోపల చిల్లు. నీళ్లలో దిగితే రబ్బరు బిరడాలు పెట్టుకునే దిగమని టెక్కలి డాక్టరు ఇచ్చాడు. వాటిని చిన్న డబ్బాలో వేసి చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు.

ఒక సెలవు రోజు పనివాళ్లమందరం బారువ సముద్రానికి వెళ్లాం. అతను చొక్కా విప్పి అటు తిరగగానే బిరడాలు తీసి నా లుంగీ మడతలో దోపుకున్నాను. కాసేపు ఏడిపించి ఇచ్చేద్దామనే.

ఖాళీ డబ్బా చూసి అతని మొహం పాలిపోయింది. "బావా, నా బిరడాల్లేవురా!"

"కడిగి కిటికీలో ఒగ్గీసినావేటి? ఇవెట్టీసుకో బావా. పలాస సరుకు. సుక్క నీరు దిగితే నన్నడుగు!" అని, తినడానికి తెచ్చుకున్న జీడిపప్పులోంచి విరగని గుండ్లు రెండు అతని చేతిలో పెట్టాను.

అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ గుండ్లు చెవుల్లో దోపుకుని, తల అటూ ఇటూ తిప్పి అందరికీ చూపించి, అలలోకి నడిచాడు.

బిరడాలు నా నడుము దగ్గరే ఉన్నాయి. ఆగమని ఒక్క కేక వేస్తే చాలు. ఎందుకు వెయ్యలేదు? నవ్వు ఇంకా ఆగలేదు, అంతే. నేను పుట్టించిన నవ్వుని నేనే చంపుకోలేకపోయాను. మనిషి చెవి కంటే అది ఎక్కువా? ఆ క్షణాన ఎక్కువే అయింది.

తర్వాత భయమేసి వాటిని సముద్రంలోకి విసిరాను. రబ్బరు కదా, తేలుతూ వెనక్కే వచ్చాయి. మడమతో ఇసుకలోకి తొక్కేశాను.

ఆ వారంలోనే అతనికి ఎడమ చెవిలో చీము, జ్వరం, కళ్లు తిరగడం. డాక్టరు కోప్పడితే, "నా మతిమరుపేనండి" అన్నాడు ఢిల్లేశు. అతను తూలి పడిపోకుండా భుజం పట్టుకుని నిలబడింది నేనే. ఆ చెవీ పోయింది. మతిమరుపు మనిషని వాళ్లావిడ ఇప్పటికీ తిడుతుంది. అతనికి వినబడదు. నాకు వినబడుతుంది.

ఇప్పటికీ టీ కొట్టు దగ్గర నేను జోకేస్తే అతను నా వైపు చూడడు. మిగతావాళ్ల మొహాలు చూసి, వాళ్ల తర్వాత నవ్వుతాడు.

ఈమధ్య ఇద్దరమే ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పేశాను. "బావా, నీ బిరడాలు నానే దాసీసినాను." నా పెదాల వంక చూశాడు. చూసేందుకు పక్కన వేరే మొహం లేదు. నేను చెప్పానంటే జోకే అయుంటుందనుకున్నాడు. గట్టిగా నవ్వాడు.

మళ్లీ చెప్పే ధైర్యం నాకు లేదు. అతనికి చదువు రాదు. మీరు చదివారు. ఒక్కరికైనా వినబడింది.