నర్సయ్య కంటిలో ఉపవాసం

2022 వర్షాకాలం. సూరత్‌లో ఆల్థాన్ దగ్గర ఒక కంటి ఆసుపత్రి ల్యాబులో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌గా నాకది పద్దెనిమిదో ఏడు. కంటి నుంచి గీకి తీసిన పిసరంత పదార్థాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో ఏ క్రిమి ఉందో చెప్పడం నా పని. రోగులతో మాట్లాడటం నా పని కాదు. కానీ మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి భేస్తాన్‌లో స్థిరపడ్డవాడు. అందుకని తెలుగు రోగి ఎవరొచ్చినా డాక్టరమ్మ నన్ను పిలుస్తుంది. పిలవకపోయినా వెళ్తాను. నాకు నోటి దూల కాస్త ఎక్కువే. ఈ కేసులో ఆ దూల ఒక మనిషి కంటి మీదికి వచ్చింది.

నర్సయ్యకు నలభై ఏళ్లు ఉంటాయి. సూరత్ శివారులోని సచిన్ అనే చోట వాటర్‌జెట్ మగ్గాల మీద పనిచేసేవాడు. ఆ మగ్గాల్లో అడ్డదారాన్ని ఒక నీటిధార కొట్టి అవతలికి తోస్తుంది. ఎడమ కన్ను మీద తువ్వాలు మడిచి కట్టుకుని వచ్చాడు, వెలుతురు సోకితే అరుస్తున్నాడు. మూడు వారాలుగా ఏవో చుక్కలు వేసుకున్నాడట, తగ్గలేదు. కంట్లో కనిపిస్తున్న పుండు కంటే నొప్పి చాలా ఎక్కువగా ఉందే అని డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటాడేమో అడగమంది.

“అద్దాలే పెట్టుకోను, కంట్ల ఇంకేం పెట్టుకుంటనక్కా?” అన్నాడు.

“మరి కంట్ల ఏమన్న పడ్డదా?”

“దారం తెగితె వంగి సూసిన. నీళ్లు ఫట్టుమని కంట్ల కొట్టినయి. మల్ల గా నీళ్లతోనే కడుక్కున్న.”

“మిషన్ నీళ్లతోనా?”

“మా రూముల నీళ్లకంటె అవ్వే సాఫ్ ఉంటయి. సేఠ్ మిషన్‌కు ఫిల్టర్ నీళ్లు పెడ్తడు. మాకు బోరు నీళ్లు.”

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ షెడ్డులో అందరూ అదే చేస్తారట. మగ్గానికి ఇచ్చే నీళ్లు తమకిచ్చే నీళ్లకంటే మంచివని వాళ్లకు తెలుసు, చూపుకు అవి తేటగానే ఉంటాయి కూడా. కానీ తేట నీళ్ల తొట్టి గోడలకు పట్టిన జారుడులో అకాంతమీబా అనే ఏకకణ జీవి హాయిగా బతకగలదు. మామూలుగా అది మన జోలికి రాదు. గీసుకుపోయిన కంటిపొర దొరికితే మాత్రం అందులో దూరి పరాన్నజీవిగా మారుతుంది.

డాక్టరమ్మ గీకి ఇచ్చిన పదార్థాన్ని నాన్-న్యూట్రియెంట్ అగార్ మీద పెట్టాను. అంటే పోషకాలేమీ లేని గట్టి జెల్లీ ఉన్న ప్లేటు. దాని మీద బ్యాక్టీరియాను పల్చగా పూస్తాం, అమీబాకు అదొక్కటే తిండి. రెండో రోజుకు ఆ పూతలో సన్నటి బాటలు కనిపించాయి. ఒక్కో బాట చివర ఒక్కో అమీబా, ముళ్లలాంటి కాళ్లు చాస్తూ, మెల్లగా తింటూ పోతోంది. నర్సయ్య చూస్తానన్నాడు. మంచి కన్నుతో మైక్రోస్కోపులోకి తొంగి చూశాడు.

“ఇవి నా కంట్ల ఉన్నయేనా?”

“ఆఁ.”

“ఇప్పుడు గూడ గిట్లనే తిరుగుతున్నయా లోపల?”

ఆయన తువ్వాలు మీద చెయ్యి పెట్టుకుని, లోపలి చప్పుడు వింటున్నవాడిలా కూర్చున్నాడు.

గంటగంటకూ చుక్కలు మొదలయ్యాయి. మూడు వారాలకు నొప్పి బాగా తగ్గింది. డాక్టరమ్మ మళ్లీ గీకి పంపింది. కొత్త ప్లేటులో మూడో రోజు చూస్తే బాటలు లేవు. బయట గుండ్రంగా, లోపల మూలలు తేలి, రెండు గోడలున్న సిస్టులు మాత్రం అక్కడక్కడ ఉన్నాయి. సిస్టు అంటే అమీబా తలుపులన్నీ మూసుకున్న రూపం.

ఆ రూపం ఎలా వస్తుందో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆకలో, మందో ముంచుకొచ్చినప్పుడు కణం లోపల ఒక సన్నటి పొర పుట్టి, దాని సొంత భాగాలనే చుట్టి మూటకడుతుంది. ఆ మూట జీర్ణరసాలున్న సంచితో కలిసి, అందులోది కరిగిపోతుంది. శక్తినిచ్చే మైటోకాండ్రియాను కూడా అది వదలదు. తనను తాను తినే ఈ పనినే ఆటోఫజీ అంటారు. మన కణాల్లోనూ పాత సామాను వదిలించుకోవడానికి ఇది జరుగుతూనే ఉంటుంది. అమీబా మాత్రం అలా తనలోంచి తీసుకున్న సరుకుతో చుట్టూ గోడ కట్టుకుని లోపల పడుకుంటుంది. లోపలి గోడలో సెల్యులోజ్ ఉంటుంది, పత్తిలో ఉండే పదార్థమే. మగ్గాల ఇంట్లో పుట్టిన నాకు అది చదివిన రోజు అన్నం సయించలేదు.

ఇవన్నీ నాకు తెలుసు. ప్లేటును పద్నాలుగు రోజులు చూడకుండా ఏమీ చెప్పకూడదన్నది కూడా తెలుసు. కానీ ఆ రోజు వరండాలో నర్సయ్య ఎదురుపడ్డాడు, ముఖంలో నెల తర్వాత కొంచెం కళ వచ్చింది.

“అక్కా, ఇంక కదుల్తున్నయా?”

“ఒక్కటి గూడ కదుల్తలేదు,” అన్నాను, నేనే మందు కనిపెట్టినంత సంబరంగా.

నెలల తరబడి చుక్కలు ఆపకూడదని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. నేను చెప్పింది ఆయన సొంత భాషలో. ఆయన ఏది ఇంటికి తీసుకెళ్లాడో చెప్పనక్కర్లేదు.

మర్నాడు ఆ ప్లేటు మీద తాజా బ్యాక్టీరియా వేసి ఇంక్యుబేటర్‌లో మూలకు పెట్టాను. పదకొండో రోజు మధ్యాహ్నం, బయట వాన, ల్యాబులో నేనొక్కదాన్నే. కంటిని లెన్సుకు ఆనించాను. సిస్టులు అక్కడే ఉన్నాయి, కానీ చాలావరకు ఖాళీ. గోడలు నిలిచే ఉన్నాయి, ఒక పక్క చిన్న రంధ్రం తెరుచుకుని ఉంది, లోపల ఎవరూ లేరు. ప్రతి ఖాళీ గోడ దగ్గర నుంచీ ఒక కొత్త బాట బయల్దేరింది. నా వెనక ఎవరో నిలబడినట్టు అనిపించి తిరిగి చూశాను. నిజంగా భయపడ్డాను.

వెంటనే నర్సయ్యకు ఫోన్ చేశాను. మగ్గాల హోరు. బయటికొచ్చాక గొంతు వినిపించింది.

“మందు ఏస్తున్నవా నర్సయ్యా?”

“వారమాయె బంద్ పెట్టి. నొప్పి లేదు గదక్కా. ఒక్కటి గూడ కదుల్తలేదని నువ్వే అంటివి.”

“ఇయ్యాల్నే రా. జర నా మాట ఇను.”

“నాగా పెడితె నా మిషన్లు ఇంకోనికిస్తరు. అయితారం వస్త.”

ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి వలయం కట్టింది. తువ్వాలు మళ్లీ కన్ను మీదికి వచ్చింది.

ఆ తర్వాత చాలా నెలలు మందులు వేశారు. చివరికి క్రిమి పోయింది, మచ్చ మిగిలింది. ఆ కంటితో వెలుతురు తెలుస్తుంది, ముందు చెయ్యి ఊపితే తెలుస్తుంది, అంతే. కంటిపొర మార్పిడికి పేరు రాయించాం. మగ్గం పని పోయింది, ఇప్పుడు బట్టలు మడతపెట్టే పని చేస్తున్నాడు.

డాక్టరమ్మకు నా తప్పు చెప్పాను, తిట్టింది. నర్సయ్యకు చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. “తప్పు నాదే తమ్మీ. సూడాల్సినన్ని దినాలు సూడకముందే నోరు జారిన. తమను తామె తినుకుంట, గోడ కట్టుకొని ఉపాసమున్నయి, సావలేదు.”

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు: “తిండి లేకుంటె తననే తింటదా? గట్ల తింటె మల్ల ఏం మిగుల్తది?”

“మల్ల లేసెటంత మిగుల్చుకుంటది.”

నన్ను క్షమించానని ఆయన అనలేదు.

మరుసటి ఏడు వానలప్పుడు, కన్ను ఎర్రబడిన ఇంకో మగ్గం కార్మికుణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మిషన్ నీళ్లతో కడగొద్దని దారిలోనే చెప్పాడట. గీకిన పదార్థం నాకు అందాక, నేను వినేలాగే అతనితో అన్నాడు:

“ఈ అక్క మనోల్లే. నెనరున్న మనిషి. గందుకే చెప్తున్న, ఏం కదుల్తలేదని అక్క చెప్పినా మందు బంద్ పెట్టకు.”

ఆ కొత్త మనిషి నావైపు చూశాడు, నేనేమంటానోనని.

“ఆయన చెప్పినట్టే ఇను,” అన్నాను. “నా మాట ఇనకు.”